దీపం పెట్టకూడని ఇల్లు

మా ఇంటికి తెలివి నేర్పింది నేనే. అదే తెలివి కాస్త నువ్వు కూడా నేర్చుకుని ఉంటే బాగుండేది అని మా ఆవిడ అంటుండేది.

సూర్యాపేటలో నాకు కరెంటు సామాన్ల షాపు ఉంది. మొదట్లో బోరు మోటార్లు, స్టార్టర్లు, ఫ్యాన్లు అమ్మేవాణ్ణి. తర్వాత ఇన్వర్టర్లు వచ్చాయి, సీసీ కెమెరాలు వచ్చాయి, ఆ వెనకే ఈ స్మార్ట్ హోమ్ సరుకు దిగింది. ఫోన్‌లో నొక్కితే లైటు వెలగడం, పిలిస్తే ఫ్యాను తిరగడం. కొత్త ఇల్లు కట్టినవాళ్లు ముచ్చటపడి పెట్టించుకునేవారు. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలందరికీ చూపించేవారు. నెల తిరిగేసరికి మళ్లీ గోడ మీది స్విచ్చే నొక్కేవారు. నాకూ దాని మీద పెద్ద గౌరవం ఉండేది కాదు. కుర్చీలోంచి లేవడానికి బద్ధకించే వాళ్ల కోసం తయారైన సరుకు అనుకునేవాణ్ణి. మా ఆవిడకు కీళ్లవాతం వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

ఆమె జాకెట్లు కుట్టేది. మా వీధిలో ఆమె చేతి కుట్టు వేసుకోని ఆడమనిషి లేదు. ముందు వేళ్లు వాచాయి. సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది, తర్వాత కత్తెర పట్టడం కష్టమైంది. ఒకరోజు మిషన్ మీద గుడ్డ కప్పేసింది. ఆ తర్వాత మోకాళ్లు. పొద్దున లేస్తే గోడ పట్టుకుని గాని నడవలేకపోయేది. స్విచ్ నొక్కడానికి కూడా వేలు వంగక మోచేత్తో పొడిచేది. అది చూసిన రోజు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఊరందరి ఇళ్లలో లైట్లు వాటంతటవే వెలిగేలా చేస్తున్నాను, నా ఇంట్లో నా పెళ్లాం మోచేత్తో స్విచ్ పొడుస్తోంది.

అప్పుడే కంపెనీ నుంచి ఒక కొత్త రకం వచ్చింది. దానికి ఏమీ చెప్పక్కర్లేదు. గది మూలల్లో చిన్న చిన్న సెన్సర్లు, ముందు గదిలో టీవీ పక్కన ఒక డబ్బా. ఇంట్లో మనిషి ఎప్పుడు లేస్తారు, ఎటు నడుస్తారు, ఎక్కడ ఆగుతారు అన్నది అదే గమనించి నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక మనిషి కంటే ఒక అడుగు ముందు నడుస్తుంది. మాది పెన్‌పహాడ్ వైపు పల్లె. మా నాయన గొర్రెలు కాసినవాడు. మందను కొత్త దారిలో తోలితే కొన్నాళ్లు బెదురుతుంది, ఆ తర్వాత కాపరి అదిలించకుండానే దారి పడుతుంది. ఇదీ అంతేనని ఆమెకు చెప్పాను.

"అంటే ఇరవై నాలుగ్గంటలూ నన్ను కనిపెట్టుకుని ఉంటదా?" అంది.

"ఉంటది."

"నేను ఏం చేసినా నీ ఫోన్‌కు చెప్తదా?"

"చెప్తది."

"బాగుందయ్యా. నీకు అక్కచెల్లెళ్లు లేరు, ఆడబిడ్డ పోరు లేని సంసారం అని మా అమ్మ ఎంత సంబరపడిందో. ఇన్నాళ్లకు తెచ్చి పెట్టినవ్."

అప్పటినుంచి ఆ డబ్బా పేరు ఆడబిడ్డ. ఆమె పుట్టిల్లు కోదాడ. వచ్చిన కొత్తలో నన్ను 'ఏమండీ' అనేది. సూర్యాపేట నీళ్లు పడ్డాక 'ఏందయ్యా' అయింది. కోదాడ మాటా మా మాటా కలిపి మాట్లాడేది. షాపు నుంచి ఫోన్ చేస్తే, "ఏం చేస్తున్నవో చెప్పాలా? మీ చెల్లె చెప్పలేదా?" అనేది.

మొదట్లో ఆడబిడ్డ చాలా ఇబ్బంది పెట్టింది. మా ఇల్లు పాతకాలపు పొడుగాటి ఇల్లు. వీధిలోకి ముందు గది, దాని వెనక సన్నటి నడవ, నడవ చివర వంటిల్లు. వీధి మలుపులో ఉండటంతో ఎదురింటి అరుగు మీంచి పక్క గోడ కిటికీలు కూడా కనిపిస్తాయి. సందెవేళ ఆమె ముందు గదిలోంచి లేచి వంటింట్లో ఉన్న దేవుడి అరకు దీపం పెట్టడానికి వెళ్లేది. మోకాళ్లు బాగున్న రోజుల్లో అది నాలుగు అంగల దూరం. తర్వాత తర్వాత ఒక్క ఊపున వెళ్లలేక, నడవ మధ్యలో ప్లాస్టిక్ స్టూలు వేయించుకుని, దాని మీద కాసేపు కూర్చుని, ఊపిరి తీసుకుని, అప్పుడు లేచేది. కదలిక లేదని ఆ డబ్బా నడవ లైటు తీసేసేది. ఆమె చీకట్లో కూర్చుని కేకేసేది: "ఏందయ్యా, మీ చెల్లె నన్ను చీకట్ల కూర్చోబెట్టింది!" చేతులు ఊపి లైటు తెప్పించుకునేది. చేతులు ఊపడం కూడా ఆమెకు నొప్పే.

రోజులు గడిచే కొద్దీ అది మారింది. ముందు గదిలో ఆమె లేవకముందే నడవలో లైటు వెలిగేది. ఆమె స్టూలు మీద కూర్చుంటే కదలక మెదలక వెలుగుతూ ఉండేది. లేవడానికి ఆమెకు ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగి, ఇక లేస్తుందనగా వంటింట్లో లైటు వేసేది. ఆమె వంటింట్లోకి వెళ్లాక వెనక నడవలో మెల్లగా ఆర్పేది. మొదటిసారి అలా జరిగిన రోజు ఆమె వంటింటి గడపలో నిలబడి వెనక్కి తిరిగి చూసి, "ఇప్పుడు మనిషైంది" అంది. నా వైపు చూసి కాదు. ఆ డబ్బా వైపు చూసి అంది.

నేను షాపులో కూర్చుని ఆ సమయానికి ఫోన్ చూసుకునేవాణ్ణి. ముందు గది, నడవ, వంటిల్లు. ఒక్కొక్కటీ వెలిగి ఆరుతుంటే ఆమె నడక నా అరచేతిలో కనిపించేది. నడవలో ఆగిందంటే కూర్చుందని తెలిసేది. వంటింట్లో వెలిగిందంటే హమ్మయ్య అనుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆమె పోయింది. గుండె ఆగిందన్నారు. నేను మిర్యాలగూడలో ఒక ఇంటికి వైరింగ్ చూడటానికి వెళ్లాను. ముందు గదిలో ఎప్పుడూ లేనంతసేపు కదలిక లేదని ఫోన్‌కు వచ్చింది. వెంటనే ఎదురింటి ఆయనకు ఫోన్ చేశాను. ఆయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. పరుగెత్తుకెళ్లాడు. దవాఖానకు తీసుకెళ్లేంత సమయం కూడా ఇవ్వలేదని తర్వాత చెప్పాడు. ఇల్లు తన పని తను సరిగ్గానే చేసింది. అంతకంటే దాన్నుంచి ఏం ఆశించగలం.

కర్మలు చేయించడానికి వచ్చిన అయ్యగారు తిథి, నక్షత్రం చూసి తల అడ్డంగా ఊపాడు. మంచి నక్షత్రం కాదు, మూడు నెలలు ఇల్లు విడిచిపెట్టాలి అన్నాడు. దినాలు కాగానే తాళం వేసి, గడపకు అడ్డంగా తుమ్మకంప పెట్టాలి. ఎవరూ లోపల అడుగు పెట్టకూడదు. ఆ ఇంట్లో దీపం పెట్టకూడదు. పెడితే ఇంకొకరి ప్రాణానికి ముప్పు.

నాకు ఒళ్లు మండింది. "కరెంటు బిల్లు కట్టే ఇల్లు అయ్యగారూ, నక్షత్రాలతో నడిచే ఇల్లు కాదు" అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను. అందరూ ఊరుకున్నారు. మా అత్త మాత్రం గోడకు ఆనుకుని కూర్చున్నదల్లా లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది. మా అత్తకూ నాకూ ఎప్పుడూ అంతంతమాత్రమే. పిల్లనిచ్చిన రోజు నుంచీ ఆమె దృష్టిలో నేను వైర్లు పీక్కునేవాణ్ణి. మాట మాత్రం మర్యాదగా ఉండేది.

"బాబూ, మీ నమ్మకం మీది. కానీ కడుపుతో ఉన్న పిల్ల ఉంది మనింట్లో. నా బిడ్డ ఎట్టాగూ పోయింది. దాని బిడ్డకు ఏమన్నా అయితే నేను మళ్లీ ఇట్టా కూర్చోలేను. వాదించకండి."

కడుపుతో ఉన్నది మా అమ్మాయి. మిర్యాలగూడలో కాపురం. ఆ పక్కనే కూర్చుని ఉంది, మోకాళ్ల మీద తల పెట్టుకుని.

ఫ్రిజ్ ఖాళీ చేశాం, గ్యాస్ కట్టేశాం, తాళం వేశాం. మెయిన్ స్విచ్ మాత్రం ఆపలేదు. మరిచిపోయి కాదు, చెయ్యి రాలేదు.

కొత్త బస్టాండు వైపు మేడ మీద ఒక గది కిరాయికి తీసుకున్నాను. మొదటి రోజు తాళం తీసి లోపల అడుగు పెట్టి అలాగే నిలబడ్డాను. కాసేపటికి అర్థమైంది, లైటు వెలుగుతుందని చూస్తున్నానని. గోడ తడుముకుంటూ స్విచ్ వెతుక్కున్నాను. ఎంత మందికో స్విచ్‌లు బిగించిన చేతికి ఆ గదిలో స్విచ్ ఎక్కడుందో దొరకడానికి చాలాసేపు పట్టింది. ఆ మంచం మీద కూర్చుని బాగా ఏడ్చాను.

కొద్ది రోజులకు ఎదురింటి కండక్టర్ షాపుకు వచ్చాడు. టీ తెప్పిస్తే తాగలేదు.

"అన్నా, ఎట్ల చెప్పాల్నో సమజైతలేదు. మీ ఇంట్ల పొద్దుగూకంగనే లైట్లు ఎలుగుతున్నయ్. ముందుగాల ముందటి అర్రల, అటెన్క నడుమ, గాడ జరసేపు ఆగి, అటెన్క వంటింట్ల. గల్లీ మొత్తం పరేషానున్నరు. ఆడోళ్లు పొద్దుగూకితే పిల్లల్ని బయటికి ఇడుస్తలేరు."

నేను అంతా విడమరిచి చెప్పాను. అది ఆమె అలవాటు నేర్చుకుందని, ఆమె వస్తుందనుకుని ముందే లైట్లు వేస్తోందని, ఆమె లేదని దానికి తెలియదని.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "నాకు సమజైందన్నా. కానీ నాకొక్కనికి సమజైతే ఏం ఫాయిదా? గల్లీ మొత్తానికి సమజ్ కావాలె. పైనుంచి దీపం పెట్టొద్దన్న ఇల్లు. మీటర్ బయటనే ఉంది. నువ్వు ఊ అంటే మెయిన్ బంద్ చేస్త."

ఒక్కరోజు ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో ఆయనకు చెప్పలేదు. నేను ప్రతి సందెవేళా ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నానని ఎలా చెప్పను? ముందు గది, నడవ, వంటిల్లు. రోజు మొత్తంలో నేను బతికి ఉండేది ఆ కాసేపే.

ఈలోగా సంగతి కోదాడ దాకా వెళ్లింది. మరుసటి రోజు సాయంత్రం మా అత్త బస్సు దిగి నేరుగా మా వీధికి వచ్చింది. నన్నూ రమ్మని కబురు పెట్టింది. వెళ్లేసరికి కండక్టర్ వాళ్ల అరుగు మీద కూర్చుని ఉంది. నేనూ ఆ చివర కూర్చున్నాను. ఇప్పుడు తిడుతుంది, మెయిన్ తీయించేస్తుంది, అయిపోయింది అనుకున్నాను. తుమ్మకంప వెనక మా తలుపు చూస్తుంటే పరాయి వాళ్ల ఇల్లు చూస్తున్నట్టు ఉంది.

పొద్దు వాలింది. ముందు గది కిటికీలో వెలుతురు వచ్చింది. మా అత్త కొంగు బిగించి పట్టుకుంది. కాసేపటికి నడవ పైన ఉన్న వెంటిలేటర్లలో వెలుతురు కదిలింది. అక్కడ ఆగింది.

"కూర్చుంది" అంది మా అత్త, ఎవరికీ వినపడనంత మెల్లగా.

చాలాసేపటికి వంటింటి కిటికీ వెలిగింది. నడవ చీకటైంది. మా అత్త కళ్లు తుడుచుకుని కండక్టర్ వైపు తిరిగింది.

"ఆపొద్దండి."

"అమ్మా, దీపం పెట్టొద్దన్నరు గదా. మీరే పట్టుబట్టింది..."

"పెట్టకూడదన్నారు. మనం పెట్టామా? మనం ఎవ్వరం లోపలికి పోలేదు, ఎవ్వరం పెట్టలేదు. దానంతట అది వెలిగితే దోషం మనకెందుకు తగులుద్ది? అయ్యగారిని నేను అడుగుతాను. ఆపొద్దు."

అయ్యగారిని అడిగిందో లేదో నాకు తెలియదు. ఆమె చెప్పిన తీరుకు వీధిలో ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. అంత మొండిగా, అంత తెలివిగా ఆమె వాదించడం నేను ఎప్పుడూ చూడలేదు. చూస్తే మా ఆవిడ గుర్తొచ్చింది. ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

ఇక అప్పటినుంచి వీలు చిక్కినప్పుడల్లా కోదాడ నుంచి వచ్చేది. క్యారియర్‌లో నాకు కూర తెచ్చేది. అరుగు మీద ఇద్దరం చెరో చివర కూర్చునేవాళ్లం. మొదట్లో మాటలు లేవు. తర్వాత ఆమె కూతురి చిన్నప్పటి సంగతులు ఏవో చెప్పేది, నేను వినేవాణ్ణి. ఇన్నేళ్లలో మా అత్తతో నేను అంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు. వంటింట్లో వెలిగాక ఆమె లేచి ఆఖరి బస్సు తప్పిపోకుండా వెళ్లిపోయేది. అది నా భార్య అని గాని, ఆమె కూతురని గాని మేం ఎప్పుడూ అనుకోలేదు. అది యంత్రమని కూడా అనుకోలేదు.

కానీ నాకు ఒక సంగతి తెలుసు. ఆమెకు చెప్పలేకపోయాను.

నేర్చుకున్నది మరిచిపోతుంది కూడా. ఆ డబ్బా రోజూ లైట్లు వేస్తోంది, ఎవరూ రావడం లేదు. ఎవరూ రావడం లేదన్నది కూడా అది నేర్చుకుంటోంది. నడవలో ఆగే సమయం తగ్గుతూ వచ్చింది. అరుగు మీద కూర్చుని చూసేవాళ్లకు తెలియకపోవచ్చు, నాకు తెలిసేది. మా ఆవిడ ఎప్పుడూ అంత తొందరగా లేవలేదు. కంపెనీలో పనిచేసే ఇంజనీరుకు ఫోన్ చేసి అడిగాను. మనుషుల అలవాట్లు మారుతుంటాయి కదా, పాతవి వదిలేస్తేనే కొత్తవి నేర్చుకోగలుగుతుంది, అదే దాని తెలివి అన్నాడు. ఆ తెలివి వద్దు, అలాగే ఉంచేయాలంటే ఎలా అని అడిగాను. డబ్బా వెనక ఒక బటన్ ఉంది, దాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే నేర్చుకోవడం ఆగిపోతుంది, ఉన్నది ఉన్నట్టు ఉంటుంది అన్నాడు. ఫోన్‌లోంచి కుదరదట. ఎవరు పడితే వాళ్లు మార్చకుండా అలా పెట్టారట. ఇంట్లోకి వెళ్లి నొక్కాల్సిందే.

తాళంచెవి నా జేబులోనే ఉంది. తుమ్మకంప పక్కకు జరిపి, ముందు గదిలోకి వెళ్లి, బటన్ నొక్కి రావడం. నాకు ఆ నక్షత్రాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అయినా మిర్యాలగూడ వెళ్లాను.

మా అమ్మాయి వాళ్ల ఇల్లు రైసు మిల్లుల వైపు. వాకిట్లో ఎంత ఊడ్చినా ఊక దుమ్ము పేరుకుంటుంది. ఆమె అప్పటికే నిండుగా ఉంది. లేవడానికి కుర్చీ చెయ్యి పట్టుకుంటోంది. అచ్చం వాళ్లమ్మ లేచినట్టే లేచింది. సంగతంతా చెప్పాను. అమ్మమ్మ వీలైనప్పుడల్లా వచ్చి చూస్తోందని, ఇంకొన్నాళ్లకు ఆ లైట్లు వెలగవని, ఒక్కసారి లోపలికి వెళ్లొస్తే అది అలాగే ఉంటుందని.

ఆమె కుర్చీ చేతి మీది ఊక దుమ్ము కొంగుతో తుడిచింది.

"నాకు గసొంటి నమ్మకాలు ఏం లేవు నాయినా. పొయ్యేదుంటే పో" అంది.

"మరి?"

"నాకు మాత్రం చెప్పకు. పోతే పోయినవని చెప్పకు. నాకు తెలిస్తే ఇగ రోజూ గదే మనసుల మెదుల్తది." చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. అలా పెట్టుకుంటున్నట్టు ఆమెకు తెలియదు.

బస్సులో తిరిగొస్తూ తాళంచెవి జేబులోంచి తీసి సంచిలో అడుగున వేసేశాను. పోయినామె కోసం ఉన్నవాళ్లను భయపెట్టలేను. ఆమె కూడా ఒప్పుకోదు. 'బుద్ధి ఉందా నీకు' అని నా మీదికి లేచేది.

ఆ తర్వాత ఒక సందెవేళ ముందు గది వెలిగింది, నడవ వెలిగింది, కాసేపటికి రెండూ ఆరిపోయాయి. వంటింటి కిటికీ వెలగలేదు. మా అత్త కదలకుండా చూస్తూ కూర్చుంది. బస్సు టైమవుతోందని నేను గుర్తు చేశాను. ఆమె లేచి, క్యారియర్ నా చేతికిచ్చి, "ఇవాళ వంట పెట్టుకోలేదేమో" అంది.

ఆమె బస్సెక్కేదాకా ఆపుకున్నాను. తర్వాత బస్టాండు గోడ పక్కన నిలబడి ఏడ్చాను.

మర్నాటి నుంచి ఆ పని నేనే చేశాను. ఫోన్‌లో ఏ లైటు కావాలంటే ఆ లైటు వేయొచ్చు, తీయొచ్చు. నేర్చుకోవడం దాని పని, నొక్కడం నా పని. మొదట టైమర్ పెట్టి చూశాను. ఇన్ని నిమిషాలకు ఇది, ఇన్ని నిమిషాలకు అది అని. చూస్తే వీధి దీపాలు వేసినట్టుంది. అందులో ఆమె లేదు. నొప్పి ఎక్కువున్న రోజు ఒకలా, తక్కువున్న రోజు ఒకలా నడిచేది కదా. తీసేశాను. అరుగు మీద కూర్చుని, తువ్వాల కింద ఫోన్ పెట్టుకుని, బొటనవేలితో నడిపించాను. ముందు గది. ఇప్పుడు లేస్తుంది. గోడ పట్టుకుంటుంది. నడవ. కూర్చుంటుంది. ఊపిరి తీసుకుంటుంది. ఇక లేస్తుంది. వంటిల్లు.

మా అత్త మొదటి రోజు వంటింట్లో వెలుతురు చూసి నిట్టూర్చింది. నేను మోసం చేస్తున్నానా అని ఒకటి రెండు సార్లు అనిపించింది. అనిపించినా మానలేదు. నిజం చెప్పాలంటే ఆమె రాని రోజుల్లో కూడా చేశాను. ఎవరి కోసం చేస్తున్నానో నన్నెవరూ అడగలేదు.

కొన్నాళ్లకు ఆ డబ్బా తనంతట తను లైట్లు వేయడం పూర్తిగా మానేసింది. 'ఇల్లు ఖాళీగా ఉంది, కరెంటు పొదుపు చేస్తున్నాను' అని నా ఫోన్‌కు పెట్టింది. మెచ్చుకుంటాననుకుందేమో. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె నడక అంటూ ఏదైనా మిగిలి ఉందంటే అది నా వేలి కిందే.

మూడు నెలలూ గడిచాయి. మర్నాడు తుమ్మకంప తీసి, ఇల్లు కడిగి, పుణ్యాహవాచనం చేయించి, పాలు పొంగించాలి. ఆ తర్వాత అది మళ్లీ నా ఇల్లు. దీపం నేనే పెట్టుకోవాలి. ముందు రోజు సాయంత్రమే మా అత్త వచ్చేసింది. మర్నాటి పనుల కోసం పసుపు, కుంకుమ, కొత్త చేట తెచ్చుకుంది. కండక్టర్ వాళ్ల ఇంట్లోనే పడుకుంటానంది. ఎప్పటిలా ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం.

పొద్దు వాలింది. ముందు గది వేశాను. కాసేపాగి నడవ వేశాను. వెంటిలేటర్లలో వెలుతురు నిలబడింది. స్టూలు మీద కూర్చుంది. ఊపిరి తీసుకుంటోంది.

లేచే సమయమైంది. వేలు కదలలేదు. వంటింట్లో వెలిగిందంటే అయిపోయినట్టే. రేపు తలుపు తీస్తారు, నీళ్లు పోసి కడుగుతారు, పది మంది తిరుగుతారు, ఎల్లుండి నుంచి ఆ ఇల్లు నా నడక నేర్చుకుంటుంది. కూర్చోనీ, ఇంకాసేపు కూర్చోనీ అనుకున్నాను. వీధిలో దీపాలు వెలిగాయి. ఆడుకుంటున్న పిల్లల్ని ఇళ్లలోకి పిలిచారు. నడవలో లైటు అలాగే ఉంది. తువ్వాల కింద నా వేలు వంటింటి గుర్తు మీదే ఉంది.

మా అత్త ఇంటి వైపు చూస్తూనే ఉంది. నా వైపు తిరగలేదు.

"పోనివ్వండి బాబూ" అంది. "ఎంతసేపని కూర్చోబెడతారు దాన్ని? ఎక్కువసేపు కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తయ్. మళ్లీ లేవలేదు."

నేను వంటింట్లో లైటు వేశాను.